పిలుపులో ఉన్న బలం

విభక్తుల పాఠం చెప్పే రోజు ఏ ఊరి బడిలోనైనా మాకు ఒకేలా గడుస్తుంది. ‘డు, ము, వు, లు – ప్రథమా విభక్తి’ అని మొదలుపెట్టి పిల్లలు పాటలాగా అప్పజెబుతారు. ‘ఓ, ఓయి, ఓరి, ఓసి – సంబోధన ప్రథమా విభక్తి’ దగ్గరికి వచ్చేసరికి తరగతిలో నవ్వులు మొదలవుతాయి. ‘ఓరి’ అనగానే వెనక బెంచీలో వాళ్ళు ఒకరి వైపు ఒకరు చూసుకుంటారు. పరీక్షలో దీనికి వచ్చేది ఒక్క మార్కే. కాని మనిషికీ మనిషికీ మధ్య మనం పెట్టుకున్న ఎత్తుపల్లాలన్నీ ఈ నాలుగు చిన్న మాటల్లో కనిపిస్తాయి. ఒకరిని గౌరవంగా పిలుస్తాం, ఒకరిని చనువుగా పిలుస్తాం, ఇంకొకరిని ‘ఓరి’ అని పిలిచి, అతను పలికితే అది మామూలే అనుకుంటాం.

కొన్నేళ్ళ కింద మేము పనిచేసిన ఒక ఊళ్ళో ఏడో తరగతిలోకి నవంబరు నెలలో ఒక అబ్బాయి వచ్చి చేరాడు. వాళ్ళ నాన్నగారికి సంవత్సరం మధ్యలో బదిలీ అయింది. హాజరు పట్టీలో అతని పేరు అందరికన్నా కింద, చేత్తో రాసి ఉండేది. జనవరి వచ్చినా అతన్ని అందరూ ‘న్యూ అడ్మిషన్’ అనే పిలిచేవారు. దాచుకోవడం ఎందుకు, మేమూ అలాగే పిలిచాం. ఆ అబ్బాయికి ఖోఖో బాగా వచ్చు. కాని జట్టు పేర్లు జులైలోనే ఖాయమైపోయాయి, కొత్తవాళ్ళను తీసుకోరని చెప్పారు. ఒకరోజు ఒక కాగితం తెచ్చి, “తప్పులుంటే దిద్దండి మేడమ్” అన్నాడు. ఆటల మాస్టారికి రాసిన ఉత్తరం అది. ‘ఇది అన్యాయం. మీకు కొత్తవాళ్ళంటే పడదు. మీరు పక్షపాతం చూపిస్తున్నారు’ అని మూడు వాక్యాలు. అక్షరదోషం ఒక్కటీ లేదు. చెప్పిన బాధ కూడా నిజమే. కాని చదివినవారు దాన్ని మడిచి పక్కన పెట్టేస్తారని మాకు అర్థమైంది.

“రేపు దిద్దుదాం” అని చెప్పి, మర్నాడు తరగతిలో ఇంకొక ఉత్తరం సంగతి చెప్పాం. ఈ వ్యాసం ఆ ఉత్తరం గురించి, అలాంటి మరికొన్ని మాటల గురించి. న్యాయం మన వైపు ఉన్నంత మాత్రాన ఎదుటివారు ఒప్పుకోరు. ఒప్పించడం వేరే పని. ఆ పనిని ప్రాణాలు పణంగా పెట్టి చేసినవారు ఎలా చేశారో చూద్దాం.

జైలు గదిలో రాసిన జవాబు

అమెరికాలో బానిసత్వం 1865లో చట్టప్రకారం పోయింది. కాని ఆ తర్వాత వందేళ్ళ దాకా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివారిని వేరుగానే ఉంచారు. పిల్లలకు వేరే బడి, బస్సులో వేరే సీట్లు, తాగడానికి వేరే కుళాయి. పెద్ద దుకాణంలో వాళ్ళు బట్టలు కొనుక్కోవచ్చు, కాని అదే దుకాణంలోని ఫలహారశాలలో కూర్చుని తినకూడదు. ఓటు హక్కు కాగితం మీద ఉండేది, పేరు నమోదు చేసుకోబోతే నానా అడ్డంకులు పెట్టేవారు. ఈ పద్ధతి మీద 1950లలో, 60లలో నడిచిన పోరాటాన్నే పౌరహక్కుల ఉద్యమం అంటాం.

1963 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో ఉద్యమం మొదలైంది. ఊరేగింపులు చేయకూడదని కోర్టు ఉత్తర్వు తెచ్చారు. దాన్ని కాదని నడిచినందుకు ఏప్రిల్ 12న, గుడ్ ఫ్రైడే నాడు, మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌ను అరెస్టు చేసి ఒంటరి గదిలో పెట్టారు. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్ళు. అదే సమయంలో ఆ రాష్ట్రంలోని ఎనిమిది మంది తెల్లజాతి మతగురువులు చేసిన ప్రకటన ఒకటి పత్రికలో వచ్చింది. వారిలో ఏడుగురు క్రైస్తవులు, ఒకరు యూదు మతగురువు. ఈ ఊరేగింపులు తెలివైన పని కాదు, వీటికి ఇది సమయం కాదు, వీటి వెనక బయటివాళ్ళు ఉన్నారు, గొడవలు కోర్టుల్లో తేల్చుకోవాలి కాని వీధుల్లో కాదు అని దాని సారాంశం.

ఈ ఎనిమిది మంది దుర్మార్గులు కారు. అంతకు మూడు నెలల ముందు, కోర్టు తీర్పులను పాటించండని తెల్లవాళ్ళకు విజ్ఞప్తి చేసింది కూడా వీళ్ళే. మార్పు రావాలి, కాని మెల్లగా రావాలి, గొడవ లేకుండా రావాలి అనుకునే పెద్దమనుషులు. ఇలాంటివాళ్ళను ఒప్పించడం శత్రువును ఒప్పించడం కన్నా కష్టం. వాళ్ళు తమను మంచివాళ్ళుగానే అనుకుంటారు కదా!

కింగ్ ఆ పత్రిక అంచుల్లోనే జవాబు రాయడం మొదలుపెట్టారు. చోటు చాలక, జైల్లో పనులు చేసే ఒక నల్లజాతి ఖైదీ ఇచ్చిన కాగితపు ముక్కల మీద రాశారు. తర్వాత న్యాయవాదులు ఇచ్చిన కాగితాల పుస్తకంలో పూర్తిచేశారు. ఇంగ్లీషులో దాదాపు 7,000 మాటల ఉత్తరం అది. దాని మీద ఏప్రిల్ 16 తేదీ ఉంది. తర్వాతి నెలల్లో అది కరపత్రంగానూ పత్రికల్లోనూ అచ్చయి దేశమంతా చదివింది.

సరే, తనను తప్పుపట్టిన ఆ ఎనిమిది మందిని కింగ్ ఏమని పిలిచారు? ప్రియమైన తోటి మతగురువులు అన్నారు. కింగ్ కూడా పాస్టరే. ఆ ‘తోటి’ అన్న మాటలోనే సగం వాదన ఉంది. మీరు ఎత్తులోనూ లేరు, నేను పల్లంలోనూ లేను, మనం ఒకే పని చేసేవాళ్ళం, ఒకే గ్రంథాలు చదివినవాళ్ళం అని దాని అర్థం. మీ ఉద్దేశం మంచిదేనని నమ్ముతున్నాను, అందుకే జవాబిస్తున్నాను అని కూడా మొదట్లోనే చెప్పారు. ఆ తర్వాత వాళ్ళ మాటల్లో ఒక్కదాన్నీ వదలకుండా, ఒక్కొక్కటిగా తీసుకుని జవాబు చెప్పారు.

‘బయటివాడు’ అన్న మాటకు జవాబు

బదిలీల మీద పెరిగే మీకు ఈ మాట బాగా తెలుసు. ప్రతి కొత్త ఊళ్ళోనూ ఎవరో ఒకరు అడుగుతారు, “మీదేవూరు?” అని. జవాబు చెప్పేలోపే వాళ్ళ ముఖంలో ‘ఓహో, ఇక్కడివాడు కాదా’ అన్నది కనిపిస్తుంది.

కింగ్ ఉండేది అట్లాంటాలో. అది పక్క రాష్ట్రం. ‘బయటివాళ్ళు’ అన్న ఆక్షేపణకు ఆయన మూడు మెట్లలో జవాబిచ్చారు. మొదటిది, చాలా మామూలు మెట్టు: తాను అధ్యక్షుడుగా ఉన్న సంస్థకు బర్మింగ్‌హామ్‌లో శాఖ ఉంది, వాళ్ళు పిలిస్తేనే వచ్చాను. రెండోది మతగురువులకు తెలిసిన మెట్టు: ప్రాచీన ప్రవక్తలు, సెయింట్ పాల్ వంటివారు సొంత ఊళ్ళు వదిలి వెళ్ళలేదా, అన్యాయం ఇక్కడ ఉంది కాబట్టి నేను ఇక్కడున్నాను. మూడోది అన్నిటికన్నా పెద్దది: ఒక దేశంలో ఉండేవారందరి బతుకులూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, కాబట్టి దేశంలో ఉండేవాడు దేశంలో ఏ ఊళ్ళోనూ బయటివాడు కాడు.

ఈ వరుసను గమనించండి. మొదట ఎవరూ కాదనలేని చిన్న విషయం. తర్వాత ఎదుటివారి పుస్తకంలోనే ఉన్న ఉదాహరణ. చివర్లో తన సొంత నమ్మకం. చివరిదాన్ని ముందే చెప్పి ఉంటే అది పెద్ద కబురుగా మిగిలేది. కింది రెండు మెట్లు ఎక్కించిన తర్వాత అది సహజంగా అనిపిస్తుంది.

చట్టాన్ని ఎందుకు మీరారన్న ప్రశ్నకూ ఇలాగే జవాబిచ్చారు. న్యాయమైన చట్టాలు, అన్యాయమైన చట్టాలు రెండూ ఉంటాయని చెబుతూ, క్రైస్తవ గురువులు కాదనలేని సెయింట్ అగస్టీన్‌ను, థామస్ అక్వైనాస్‌ను తలుచుకున్నారు. యూదు గురువును మరచిపోకుండా యూదు తత్త్వవేత్త మార్టిన్ బూబర్‌నూ తలుచుకున్నారు. అన్యాయమైన చట్టం ఎలా ఉంటుందో గుర్తు కూడా చెప్పారు. ఎక్కువమంది తక్కువమంది మీద రుద్ది, తాము మాత్రం పాటించని చట్టం అన్యాయమైనది. ఓటే లేనివాళ్ళ మీద పెట్టిన చట్టం అన్యాయమైనది. దాన్ని మీరేవాడు చాటుగా మీరకూడదు, బహిరంగంగా మీరి, శిక్షకు సిద్ధపడాలి అన్నారు. ఆ మాట జైలు గదిలో కూర్చుని రాశారు కాబట్టి దాని బరువు వేరు.

మాటతో ఒప్పించడానికి మూడు ఆధారాలు కావాలని పాత గ్రీకు పండితుడు అరిస్టాటిల్ చెప్పాడు. చెప్పేవాడి మీద నమ్మకం, చెప్పే మాటలో తర్కం, వినేవాడి మనసులో కదలిక. కింగ్ ఉత్తరంలో నమ్మకం జైలు నుంచి వచ్చింది, తర్కం మెట్లుమెట్లుగా వచ్చింది. మనసును కదిలించింది మాత్రం ఒకే ఒక్క వాక్యం.

వేచి ఉండమన్న వాళ్ళను వేచి ఉండేలా చేసిన వాక్యం

ఇది సమయం కాదు, కొంచెం ఆగండి అని మతగురువులు అన్నారు కదా. ఆగమన్న మాటను చిన్నప్పటినుంచి వింటున్నామని, నల్లజాతివారి విషయంలో దానికి ‘ఎప్పటికీ రాదు’ అనే అర్థం ఉంటోందని కింగ్ రాశారు. ఆ వెంటనే మూడు వందల మాటలకు పైన ఉన్న ఒక పొడవాటి వాక్యం వస్తుంది.

మన తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘నిన్న సాయంత్రం బజారులో మా అన్నయ్య వాళ్ళ స్నేహితుణ్ణి...’ అని ఆపేస్తే, చూశాడో, కొట్టాడో, పిలిచాడో తెలియదు. తెలుగు వినేవాడికి చివరిదాకా ఆగడం అలవాటే. ఇంగ్లీషులో ముఖ్యమైన మాట మామూలుగా ముందే వచ్చేస్తుంది. కింగ్ ఆ వాక్యాన్ని మాత్రం తలకిందులు చేశారు. మీ కళ్ళముందే మూకలు మీవాళ్ళను చంపితే, పోలీసులు కొడితే, ప్రయాణంలో ఏ హోటలూ గది ఇవ్వక రాత్రిళ్ళు కారులోనే పడుకోవలసి వస్తే అంటూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. ముఖ్యమైన మాట రానే రాదు. చదివేవాడు ఎదురుచూస్తూనే ఉంటాడు. అంతా అయ్యాక చివర్లో, మాకు ఆగడం ఎందుకు కష్టమో అప్పుడు మీకు తెలుస్తుంది అన్న భావంతో వాక్యం ముగుస్తుంది. ఆగమని చెప్పినవాళ్ళు ఒక్క వాక్యం కోసం ఆగలేకపోతే, తరతరాలుగా ఆగినవాళ్ళ సంగతి ఏమిటి? ఆ ప్రశ్నను ఆయన ఎక్కడా అడగలేదు. వాక్యం కట్టిన తీరే అడిగింది.

ఆ వాక్యంలో ఇంకొక నేర్పు ఉంది. దాని నిండా ‘మీరు’, ‘మీ’ అన్న మాటలే ఉంటాయి. మీ ఆరేళ్ళ కూతురు టీవీలో ప్రకటన చూసి వినోదాల పార్కుకు తీసుకెళ్ళమని అడుగుతుంది. నల్లపిల్లలను అందులోకి రానివ్వరని మీరు చెప్పాలి. నోరు పెగలదు. పాప కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. కింగ్ కూతురికి జరిగినదే ఇది. కాని దాన్ని చదివే తెల్లజాతి గురువు చేత తన కూతురికి చెప్పుకోవలసిన మాటగా ఊహించుకునేలా చేశారు.

అదే వాక్యంలో పేర్ల ప్రస్తావన వస్తుంది. ఎంత వయసు వచ్చినా నల్లజాతి మగవాణ్ణి ‘బాయ్’ అని పిలిచేవారు. భార్యను, తల్లిని ‘మిసెస్’ అని మర్యాదగా పిలిచేవారు కాదు. మూకలు, పోలీసులు, పేదరికం సరసన ఈ పిలుపును కూడా కింగ్ లెక్కపెట్టారు. చావు దెబ్బల పక్కన పిలుపు చిన్న విషయం కదా అని మీకు అనిపించవచ్చు. అది చిన్నది కాదని చెప్పడానికి ఒక కోర్టు కథ ఉంది.

మిస్ హామిల్టన్

తెలుగులో గౌరవం చూపించడానికి మనకు చాలా దారులున్నాయి. ‘మీరు’ అనవచ్చు, ‘గారు’ చేర్చవచ్చు, ‘రా’ బదులు ‘రండి’ అనవచ్చు, ‘వచ్చాడు’ బదులు ‘వచ్చారు’ అనవచ్చు. నేటి ఇంగ్లీషులో నువ్వు అన్నా మీరు అన్నా ఒకటే మాట. అందుకని గౌరవమంతా పేరు ముందు పెట్టే మిస్టర్, మిసెస్, మిస్ అన్న మాటల మీదే ఆధారపడుతుంది. అది తీసేస్తే ‘గారు’ తీసేసినట్టే.

1963లో అలబామాలోని గ్యాడ్స్‌డెన్ అనే ఊళ్ళో మేరీ హామిల్టన్ అనే ఉద్యమ కార్యకర్త ఒక విచారణలో సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డారు. ప్రభుత్వ న్యాయవాది ఆమెను ‘మేరీ’ అని పిలిచి ప్రశ్న వేశాడు. తనను సరిగ్గా పిలిచేదాకా జవాబు చెప్పనని ఆమె అన్నారు. న్యాయమూర్తి జవాబు చెప్పమని ఆదేశించారు. అయినా ఆమె చెప్పలేదు. కోర్టు ధిక్కారం కింద 5 రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా పడింది. ఆ కేసు దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1964 మార్చిలో ఆ కోర్టు ఆమెకు వేసిన శిక్షను రద్దు చేసింది. ఒక్క ‘మిస్’ అనే మాట కోసం ఆమె జైలుకు వెళ్ళడానికి సిద్ధపడ్డారు.

అదే సంవత్సరం ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమొక్రాటిక్ పార్టీ సంఘం ముందు ఫానీ లూ హేమర్ కూర్చున్నారు. ఆమె మిసిసిపి రాష్ట్రంలో పత్తి పొలాల్లో కౌలు కూలీ. ఇరవై మంది సంతానంలో చివరి బిడ్డ. పెద్దగా చదువుకోలేదు. ఆమె మొదట చెప్పిన మాట ఏమిటో తెలుసా? తన పేరు. ‘మిసెస్’ అని ముందు చేర్చుకుని తన పూర్తి పేరు చెప్పి, ఇంటి నంబరు, వీధి, ఊరు చెప్పారు. ఎవరూ ఇవ్వని గౌరవాన్ని దేశమంతా టీవీలో చూస్తుండగా తనకు తానే ఇచ్చుకున్నారు.

ఆ తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పారు. 1962లో ఓటరుగా నమోదు కావడానికి వెళ్ళినందుకు, 18 ఏళ్ళుగా పనిచేస్తున్న పొలం నుంచి అదే రోజు వెళ్ళగొట్టారు. 1963లో ఒక శిక్షణ నుంచి తిరిగి వస్తుంటే జైల్లో వేసి కొట్టారు. విశేషణాలు లేవు, ఉపమానాలు లేవు. తేదీలు, ఊళ్ళు, మనుషులు, మాటలు. చివర్లో మాత్రం ఒక్క ప్రశ్న అడిగారు: మనుషులుగా బతకాలనుకున్నందుకు మాకు ఇలా జరిగే దేశమేనా ఇది, అన్న అర్థంలో. ఆమె మాట్లాడుతుండగానే అధ్యక్షుడు లిండన్ జాన్సన్ హడావిడిగా పత్రికా సమావేశం పెట్టారు. టీవీలు అటు తిరిగాయి. కాని ఆ సాయంత్రం వార్తల్లో ఆమె మాటలను మళ్ళీ చూపించారు. అలంకారాలు లేని మాటకూ దేశాధ్యక్షుణ్ణి కంగారుపెట్టే బలం ఉంటుందన్నమాట.

బాకీ అడిగినవాడు

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు దాదాపు రెండున్నర లక్షల మంది పోగయ్యారు. ఆ రోజు కింగ్ చేసిన ప్రసంగంలో ‘కల’ భాగం అందరికీ తెలుసు. మేము తరగతిలో ఎక్కువసేపు చెప్పేది దానికన్నా ముందు వచ్చిన భాగం గురించి. అమెరికా తన రాజ్యాంగంలో, స్వాతంత్ర్య ప్రకటనలో ప్రతి పౌరుడికీ ఒక ప్రామిసరీ నోటు రాసి ఇచ్చిందని ఆయన అన్నారు. నల్లజాతివారికి వచ్చేసరికి ఆ చెక్కు ఖాతాలో డబ్బు లేదంటూ తిరిగి వచ్చింది. న్యాయం అనే బ్యాంకు దివాలా తీసిందని నమ్మం, అందుకే సొమ్ము చేసుకోవడానికి వచ్చాం అన్నది భావం.

నోటు రాసివ్వడం అంటే ఏమిటో మన ఊళ్ళలో చెప్పనక్కర్లేదు. చేతిలో నోటు ఉన్నవాడు అప్పిచ్చినవాడు. అతను దేహీ అనడు, దబాయించనూ దబాయించడు. కాగితం చూపించి తనది తనకు ఇమ్మంటాడు. హక్కులు అడిగేవాళ్ళను అప్పటిదాకా చాలామంది బిచ్చగాళ్ళుగానో, గొడవ చేసేవాళ్ళుగానో చూశారు. ఈ ఒక్క పోలికతో వాళ్ళు బాకీదారుడి ఇంటికి వచ్చిన హక్కుదారులయ్యారు. పైగా ఆ నోటు మీద సంతకం చేసింది ఎవరు? వినేవాళ్ళు గౌరవించే దేశ నిర్మాతలే. ఎదుటివారు నమ్మే దాని మీదే తన వాదనను నిలబెట్టడమంటే ఇదే.

అందరూ ఇదే దారిలో మాట్లాడలేదు. మాల్కం ఎక్స్ ఇంటిపేరు మొదట లిటిల్. అది బానిసలను కొన్న యజమానులు అంటగట్టిన పేరని, తమ అసలు పేరు పోయిందని చెప్పడానికి ఆ చోట ‘ఎక్స్’ పెట్టుకున్నారు. 1964 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో మాట్లాడుతూ ఆయన సభలోని సోదర సోదరీమణులతో పాటు శత్రువులను కూడా కలిపి పిలిచారు. ఇక్కడున్నవాళ్ళందరూ స్నేహితులే అనుకోలేను కదా, ఎవరినీ వదిలెయ్యడం ఎందుకని నవ్వించారు. ఆయన తెల్లవాళ్ళను ఒప్పించాలనుకోలేదు, తనవాళ్ళు తల ఎత్తుకోవాలని మాట్లాడారు. ఎవరి కోసం మాట్లాడుతున్నామో తెలిస్తే ఎలా మాట్లాడాలో తెలుస్తుందనడానికి ఇదీ ఒక ఉదాహరణే.

‘నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది’ అంటారు మన పెద్దలు. అది నిజమే కాని పూర్తిగా కాదు. మాంట్‌గొమరీలో 381 రోజుల పాటు సిటీ బస్సులు ఎక్కకుండా నడిచినవాళ్ళ కాళ్ళు లేకపోతే, బర్మింగ్‌హామ్‌లో నీటి గొట్టాలకు, పోలీసు కుక్కలకు ఎదురు నిలిచిన బడిపిల్లలు లేకపోతే, ఎంత మంచి ఉత్తరమైనా కాగితంగానే మిగిలేది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయంటే నడిచినవాళ్ళ బలం, మాట్లాడినవాళ్ళ నేర్పు రెండూ కలిసినందుకే.

చివరి అట్టముక్క

1968 ఫిబ్రవరిలో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో చెత్త లారీలోని యంత్రంలో నలిగి ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చనిపోయారు. దాదాపు 1,300 మంది నల్లజాతి కార్మికులు సమ్మె చేశారు. వాళ్ళు మెడలో వేసుకున్న అట్టల మీద ఉన్నది ఒక్క వాక్యం. తెలుగులో చెబితే రెండే మాటలు: ‘నేను మనిషిని’. జీతం గురించి లేదు, లారీ గురించి లేదు. ఇన్నాళ్ళూ ‘బాయ్’ అని పిలిచినవాళ్ళకు అది జవాబు. వాళ్ళకు తోడుగా వచ్చిన కింగ్‌ను ఏప్రిల్ 4న అదే ఊళ్ళో కాల్చి చంపారు. ఆ నెలలోనే నగర ప్రభుత్వం కార్మికుల సంఘాన్ని గుర్తించింది, జీతాలు పెంచింది.

కింగ్ 1959లో మన దేశానికి వచ్చి నెల రోజులు తిరిగారు. ఆ పర్యటనలో త్రివేండ్రంలోని ఒక బడికి వెళ్ళిన సంగతిని 1965లో అట్లాంటాలోని తమ చర్చిలో చెప్పారు. అక్కడ ఎక్కువమంది దళితుల పిల్లలు. ప్రధానోపాధ్యాయుడు ఆయన్ను పిల్లలకు పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు అన్నారట. మొదట కింగ్‌కు గుండెలో చివుక్కుమంది. కాసేపు ఆలోచించాక, అవును, నా దేశంలో నాకు జరుగుతున్నది అదే కదా అనుకున్నారట. ఒక్క పిలుపు ఆయనకు తన స్థితిని చూపించింది, ఆ పిల్లలతో ఆయనను కలిపింది కూడా.

ఇక మా ఖోఖో అబ్బాయి దగ్గరికి వద్దాం. అతని కష్టాన్ని బర్మింగ్‌హామ్ కష్టంతో మేము పోల్చడం లేదు. అక్కడ ప్రాణాలు పోయాయి, ఇక్కడ పోయింది ఒక ఆట. కాని మాట నేర్పు చిన్న విషయాల్లో నేర్చుకుంటేనే పెద్ద విషయాల్లో పనికి వస్తుంది. అతను ఉత్తరం మళ్ళీ రాశాడు. ఈసారి ‘గౌరవనీయులైన మాస్టారికి’ అని మొదలైంది. జులైలోనే పేర్లు తీసుకోవడం అందరికీ సమానంగా ఉండాలనే కదా అని ఒప్పుకున్నాడు. మా నాన్నకు బదిలీ నవంబరులో అయింది, అది నా చేతిలో లేదు, సమానంగా ఉండాలన్న నియమం నా ఒక్కడికి సమానంగా లేదు అని రాశాడు. జట్టులో చోటు ఇమ్మనలేదు, ఒక్కసారి ఆడించి చూడమన్నాడు. చివర్లో సంతకం కింద తన పూర్తి పేరు, తరగతి రాసి, ‘నవంబరు నుంచి ఈ బడి విద్యార్థి’ అని చేర్చాడు. ఆ చివరి మాట మేము చెప్పింది కాదు.

ఆ సంవత్సరం అతనికి జట్టులో చోటు రాలేదు. పేర్లు అప్పటికే పైకి వెళ్ళిపోయాయి. కాని మాస్టారు అతన్ని మైదానానికి రప్పించి ఆడించి చూశారు. తర్వాతి సంవత్సరం నుంచి మధ్యలో చేరినవాళ్ళకు కూడా ఒకసారి ఎంపిక పెట్టాలని నిర్ణయించారు. ఆ లాభం అతనికి అందలేదు, అప్పటికి వాళ్ళ నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది. వెళ్ళే ముందు రోజుల్లో మైదానంలో మాస్టారు అతన్ని పేరు పెట్టి పిలవడం మాత్రం మేము విన్నాం. మేము కూడా అప్పటికి మా పట్టీలో దిద్దుకున్నాం.

పిల్లలూ, ఈ వ్యాసం చదివాక మీకు ఒక చిన్న పని. మీ క్వార్టర్స్‌లో, మీ బడిలో ఒక్క రోజు చెవులు పెట్టి వినండి. ఎవరిని ‘గారు’ అంటున్నాం? ఎవరిని ‘నువ్వు’ అంటున్నాం? వరండా ఊడ్చే ఆమెకు మీ అమ్మమ్మ వయసు ఉంటుంది. ఆమెను ‘రండి’ అంటున్నామా, ‘రా’ అంటున్నామా? గేటు దగ్గర ఉండే తాతగారి పేరు మీలో ఎంతమందికి తెలుసు? తెలియకపోతే రేపు ఉదయం బడికి వచ్చేటప్పుడు అడిగి తెలుసుకోండి. అలాగే మీ తరగతి పట్టీలో అన్నిటికన్నా కింద ఉన్న పేరు ఎవరిదో చూసి, ఆ పేరుతోనే పిలవండి.